ఉద్దానానికి మిషను ఒక్కటే చాలదు

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో క్రియాటినిన్ అనే మాట తెలియని వూరు లేదు. మరోచోట డాక్టర్లు, పరీక్షశాలల వారు మాత్రమే వాడే ఈ మాటను ఉద్దానంలో కొబ్బరికాయలు దింపే కూలీలు, జీడిపిక్కలు వలిచే ఆడవారు కూడా తడుముకోకుండా పలుకుతారు. రచ్చబండ దగ్గర కూర్చున్న నలుగురిలో ఒకరు "ఎంత వచ్చింది?" అని అడిగితే, ధాన్యం ధర గురించి కాదు, క్రియాటినిన్ గురించి అని మిగతావారికి వెంటనే అర్థమవుతుంది. చదువు చెప్పకపోయినా జబ్బు ఈ మాట నేర్పింది.

ఉద్దానం వాసులు ఇంకొక అంకెను కూడా ఇంత శ్రద్ధగానూ అడిగి తెలుసుకోవలసిన అవసరం వుంది. అది హిమోగ్లోబిన్. రక్తంలో ఎరుపు ఎంత వున్నదో చెప్పే అంకె అది. మూత్రపిండాలు చెడిన మనిషి మంచం పట్టకుండా తన పని తాను చేసుకోగలడా లేదా అన్నది చాలా వరకు ఈ అంకె మీద ఆధారపడి వుంటుంది. ఆ అంకెను నిలబెట్టే మందు ఒకటి వుంది. అది చెట్ల మందు కాదు, రసాయనాలు కలిపి వండిన మందూ కాదు. బ్రతికి వున్న కణాలను పెంచి, వాటి చేత తయారు చేయించిన మందు. దాని పేరు ఎరిత్రోపాయిటిన్. చాలామందికి అది "రగతం పట్టే సూది"గానే తెలుసు.

ఉద్దానం కిడ్నీ బాధితుల గురించి మాట వచ్చినప్పుడల్లా డయాలిసిస్ మిషన్ల లెక్క ముందుకు వస్తుంది. ఎన్ని మిషన్లు వచ్చాయి, ఎన్ని పడకలు పెరిగాయి అన్నదే చర్చ. ఈ సూది లెక్క మాత్రం ఎక్కడా వినిపించదు. మిషను పెద్దది, అందరికీ కనబడుతుంది. ప్రారంభోత్సవానికి రిబ్బను కట్టవచ్చు. సూది మందు బొటనవేలంత సీసాలో వుండి, ఫ్రిజ్‌లో ఒక మూల పడివుంటుంది. దానికి రిబ్బను కట్టేవారు లేరు. అయినా ఈ రెండింటిలో ఒకటి వుండి రెండవది లేకపోతే వైద్యం సగమే అవుతుంది.

మిషను చేయలేని పని

మూత్రపిండాల పని రక్తాన్ని వడకట్టి మురికిని బయటికి పంపడమే అని అందరూ అనుకుంటారు. అది నిజమే గాని, పూర్తి నిజం కాదు. మూత్రపిండాలు మరొక పని కూడా చేస్తాయి. ఒంట్లో ప్రాణవాయువు తగ్గిందని గ్రహించగానే అవి ఎరిత్రోపాయిటిన్ అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతాయి. అది ఎముకల లోపలి మూలుగకు చేరి, ఎర్ర కణాలను తయారు చేయమని కబురు చెబుతుంది. ఎర్ర కణం ఆయుష్షు సుమారు 120 రోజులు మాత్రమే. పాతవి పోతూ వుంటే కొత్తవి పుడుతూ వుండాలి. కబురు ఆగిపోతే పుట్టుక తగ్గిపోతుంది.

మూత్రపిండాలు దెబ్బతిన్నకొద్దీ ఈ కబురు సన్నగిల్లుతుంది. రోగి పాలిపోతాడు. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. మెట్లు ఎక్కలేడు. తిండి సహించదు. గుండె కొట్టుకునే వేగం పెరిగి, కొంతకాలానికి గుండె కూడా దెబ్బ తింటుంది. డయాలిసిస్ మిషను రక్తాన్ని వడకడుతుందే గాని, ఈ కబురు పంపలేదు. పైగా డయాలిసిస్ జరిగిన ప్రతిసారీ గొట్టాలలో కొంచెం రక్తం మిగిలిపోయి నష్టమవుతూనే వుంటుంది. అందుకే వారానికి రెండు మూడుసార్లు మిషను మీద పడుకునే మనిషి కూడా ఈ సూది లేకపోతే నీరసించిపోతాడు. డయాలిసిస్ దశకు ఇంకా రాని రోగులలో కూడా చాలామందికి ఈ రక్తహీనత వస్తుంది. వారిని మిషన్ల లెక్క అసలే అందుకోలేదు.

ఈ మందు రాక ముందు ఇటువంటి రోగులకు రక్తం ఎక్కించడం ఒక్కటే దారి. రక్తం దొరకడం ఒక బాధ. దాని ద్వారా కామెర్ల జబ్బులు అంటుకోవడం మరొక బాధ. పదేపదే ఎక్కిస్తే ఒంట్లో ఇనుము పేరుకుపోతుంది. అన్నిటికంటె పెద్ద నష్టం వేరొకటి వుంది. పరాయి రక్తం ఎక్కినకొద్దీ ఒంట్లో దానికి విరోధమైన పదార్థాలు తయారవుతాయి. రేపు అమ్మో, అన్నో ఒక మూత్రపిండం ఇవ్వడానికి ముందుకు వచ్చినా అది ఆ ఒంట్లో ఇమడక తిరస్కరించబడే ప్రమాదం పెరుగుతుంది. సూది అందక రక్తం ఎక్కించుకోవలసి వచ్చిన యువకుడికి కిడ్నీ మార్పిడి అవకాశం కూడా దూరమవుతున్నదన్న మాట. సూది కొరతను చిన్న లోటుగా చూడకూడదని చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు.

మందు పుట్టిన తీరు

ఈ మందు వెనుక పెద్ద శ్రమ వుంది. అమెరికాలో చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన యూజిన్ గోల్డ్‌వాసర్ అనే శాస్త్రవేత్త 1950ల నుంచి ఈ పదార్థం కోసం వెదికారు. రక్తహీనత రోగుల మూత్రంలో ఇది ఎక్కువగా వుంటుందని తెలిసి, జపాన్ దేశపు శాస్త్రవేత్త తకాజీ మియాకె అటువంటి రోగుల నుంచి 2,550 లీటర్ల మూత్రం సేకరించి, దాని సారాన్ని అందించారు. 1977 నాటికి అంత మూత్రం నుంచి శుద్ధి చేసి తీసిన పదార్థం సుమారు 8 మిల్లీగ్రాములు. చిటికెడు కూడా కాదు. ఆ పద్ధతిలో లోకానికి మందు అందించడం ఎవరికీ సాధ్యం కాదు.

దారి చూపింది జన్యు విజ్ఞానం. ఎరిత్రోపాయిటిన్ తయారీకి మనిషి ఒంట్లో వున్న ఆదేశాన్ని, అనగా జన్యువును, 1983లో ఫు-క్వెన్ లిన్ అనే శాస్త్రవేత్త వేరు చేశారు. ఆ జన్యువును చైనా హ్యామ్‌స్టర్ అనే ఎలుక జాతి జంతువు అండాశయపు కణాలలో చేర్చారు. ఈ కణాలు 1957లో ఒక జంతువు నుంచి తీసి ప్రయోగశాలలో పెంచుతూ వచ్చినవి. ఒక గిన్నెడు తోడు నుంచి వూరంతా పెరుగు తోడుకున్నట్లుగా, అప్పటి కణాల సంతతే ఇప్పటికీ లోకమంతటా మందుల కర్మాగారాలలో పెరుగుతున్నది. దీనికోసం రోజూ జంతువులను చంపడం లేదు. పెద్ద స్టీలు పీపాలలో గోరువెచ్చని పోషక ద్రవంలో కణాలు పెరుగుతాయి. పెరుగుతూ మనిషి పదార్థాన్ని బయటికి వదులుతాయి. దానిని వడకట్టి, మళ్ళీ మళ్ళీ శుద్ధి చేసి సీసాలకు ఎక్కిస్తారు. జంతువు కణాల మందు అన్న అనుమానంతో సూదికి వెనుకాడవలసిన పని లేదు. సీసాలో వుండేది మన మూత్రపిండం తయారు చేసే పదార్థం వంటిదే.

ఇన్సులిన్‌ను సూక్ష్మజీవులతో చేయిస్తున్నారు కదా, దీనికి ఈ కణాలే ఎందుకు అని అడగవచ్చు. ఎరిత్రోపాయిటిన్ అణువుకు చక్కెర గొలుసులు అంటుకుని వుండాలి. అవి లేకపోతే ఒంట్లోకి వెళ్ళిన మందు నిలవకుండా త్వరగా పోతుంది. ఆ గొలుసులను అతికించే నేర్పు బాక్టీరియాకు లేదు, జంతువు కణాలకు వుంది. అరిసెల పిండి దంచడం వేరు, పాకం పట్టడం వేరు అని ఇంటి ఆడవారిని అడిగితే చెబుతారు. పాకం తప్పితే పిండి ఎంత మంచిదైనా అరిసె నిలవదు.

అమెరికా ప్రభుత్వం 1989లో ఈ మందుకు అనుమతి ఇచ్చింది. తరువాత మన దేశపు సంస్థలు కూడా దీని తయారీ నేర్చాయి. ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు అయిన కె.ఐ. వరప్రసాదరెడ్డి 1993లో హైదరాబాదులో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్, 1997లో ఈస్ట్ కణాలతో కామెర్ల బి రకం టీకా తయారు చేసి, ఖరీదైన విదేశీ టీకా ధరను నేలకు దించింది. ఆ తరువాత ఆ సంస్థ ఎరిత్రోపాయిటిన్ కూడా తయారు చేసింది. కనుక ఇది తెలుగు గడ్డకు తెలియని విద్య కాదు. మన దేశంలో తయారు కాని మందూ కాదు. 2015 నాటి జాతీయ అత్యవసర మందుల జాబితాలో దీనికి చోటు దొరికింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ఈ తరగతి మందులను తన జాబితాలో చేర్చింది. విద్య వుంది, జాబితా వుంది. చూడవలసినదల్లా కవిటి రోగి చేతికి అది సమయానికి, చెడిపోకుండా చేరుతున్నదా అన్నదే.

ఎండకు చెడిపోయే మందు

మాత్ర అయితే జేబులో వేసుకుని తిరిగినా పెద్ద నష్టం లేదు. ఈ మందు అలా కాదు. ఇది 2 నుంచి 8 డిగ్రీల చలిలో వుండాలి. వేడి తగిలితే చెడుతుంది. గడ్డ కట్టినా చెడుతుంది. సీసాను గట్టిగా కుదిపినా చెడుతుంది. చెడిన మందు చూపుకు మంచి మందులాగే వుండవచ్చు. వాసన రాదు, రంగు మారకపోవచ్చు. రోగి సూది వేయించుకుంటాడు, డబ్బు పెడతాడు, ఒంట్లో రక్తం మాత్రం పెరగదు. తన జబ్బు ముదిరిపోయిందని భయపడతాడు.

బరంపురం నుంచో, విశాఖపట్నం నుంచో మందు కొని, వైశాఖపు ఎండలో బస్సులో గంటల తరబడి ప్లాస్టిక్ సంచిలో తీసుకువచ్చేవారికి ఈ సంగతి చెప్పవలసిన బాధ్యత అమ్మేవారి మీద వుంది. మంచుగడ్డలు వేసిన ఫ్లాస్కులో, గడ్డ నేరుగా సీసాకు తగలకుండా గుడ్డో కాగితమో చుట్టి తీసుకురావాలి. ఇంట్లో ఫ్రిజ్ వుంటే తలుపు అరలోనో, మంచు కట్టే అరలోనో కాక నడిమి అరలో పెట్టాలి. ఇంట్లో ఫ్రిజ్ లేనివారు ఆసుపత్రి ఫ్రిజ్‌లోనే వుంచుకునే వీలు కల్పించాలి.

ఇక కరెంటు సంగతి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరాన్నే తాకింది. కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. స్తంభాలు పడిపోయి గ్రామాలు రోజుల తరబడి చీకటిలో మగ్గాయి. తుపాను అనగానే అధికారులు బియ్యం, కిరోసిన్, తాగునీరు సిద్ధం చేస్తారు. మందుల ఫ్రిజ్‌కు కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది, ఫ్రిజ్‌లో వేడి ఎంతకు చేరింది, తుపాను తరువాత ఆ సీసాలను వాడవచ్చునా లేదా అన్నది కూడా ఆ ఏర్పాట్లలో ఒక పద్దుగా వుండాలి. తుపానులు ఈ తీరానికి కొత్త కాదు. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ. మళ్ళీ రాదని ఎవరూ పూచీ పడలేరు.

ఎక్కువైనా ముప్పే

సూది మంచిది కదా అని ఎక్కువ వేయించుకుంటే మరింత బలం వస్తుందనుకోవడం పొరపాటు. ఆయాసం తగ్గిందన్న సంతోషంతో కొందరు ఇంకొక సూది వేయమని కోరవచ్చు. హిమోగ్లోబిన్‌ను 13 దాటించాలని పెద్ద మోతాదులు వాడి చూసిన పరీక్షల ఫలితాలు 2006లో వెలువడ్డాయి. రోగులకు అదనపు మేలు కలగలేదు. ఒక పరీక్షలో గుండె జబ్బులు, మరణాలు పెరిగినట్లు తేలింది. అప్పటి నుంచి డాక్టర్లు సాధారణంగా 10 నుంచి 11.5 మధ్య నిలపాలని చూస్తున్నారు. రక్తం మరీ చిక్కబడితే రక్తపోటు పెరుగుతుంది, చేతికి వేసిన ఫిస్టులా మూసుకుపోయే ప్రమాదమూ వుంది. కనుక నెలకు ఒకసారి హిమోగ్లోబిన్ చూడకుండా సూది వేయడం గుడ్డెద్దు చేలో పడ్డ చందమే అవుతుంది.

అలాగే ఇనుము లేకుండా ఈ సూది పని చేయదు. మేస్త్రీ వచ్చి కూర్చున్నా ఇటుక లేకపోతే గోడ లేవదు. ఇనుము నిల్వలు ఎంత వున్నవో పరీక్ష చేసి, తక్కువైతే ఇనుము సూది ఇచ్చి, ఆ తరువాత ఈ మందు మోతాదు నిర్ణయించాలి. "సూది వేస్తున్నా రగతం పట్టడం లేదు" అని రోగి వాపోతే, మందు చెడిందా, ఇనుము లేదా, ఒంట్లో చీము గాని జ్వరం గాని వుందా అని వరుసగా చూడవలసి వుంది. చూడకుండా మోతాదు పెంచడం ప్రజల డబ్బుకూ నష్టం, రోగికీ నష్టం.

బ్రతికిన కణాల మందుల విషయంలో మరొక జాగ్రత్త కూడా అవసరం. యూరప్‌లో 1998లో ఒక రకం ఎరిత్రోపాయిటిన్ సూదిలో మందు నిలవ వుండేందుకు కలిపే పదార్థాన్ని మార్చారు. అసలు మందు మారలేదు. అయినా తరువాతి నాలుగేళ్ళలో కొందరు రోగుల ఒళ్ళు ఆ మందు మీదనే తిరగబడి, ఎర్ర కణాల తయారీ పూర్తిగా ఆగిపోయింది. ఇది అరుదైన ఉపద్రవమే. అయినా ఏ రోగికి ఏ కంపెనీ మందు, ఏ బ్యాచి నంబరుది, ఏ తేదీన వేశారో రాసి వుంచడం ఎంత ముఖ్యమో ఆ ఉదంతం నేర్పింది. టెండరు మారినప్పుడల్లా మందు మారుతూ, ఏది ఎప్పుడు వేశారో రాత లేకపోతే, కీడు జరిగిన రోజున కారణం పట్టుకునే దారి వుండదు.

చేయవలసినవి

ఉద్దానానికి ఏమీ జరగలేదని అనడం న్యాయం కాదు. డయాలిసిస్ రోగుల పింఛనును 2019లో నెలకు 10,000 రూపాయలు చేశారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నీటిని ఉద్దానానికి తెచ్చే పథకం కూడా అప్పుడే మొదలయింది. ఇవి ప్రజలు ఎన్నో ఏళ్ళుగా అడిగినవి.

జబ్బుకు మూల కారణం ఇంకా తేలలేదు. ముందు అది తేల్చండి, సూదుల సంగతి తరువాత అనేవారు వున్నారు. వారి మాటలో న్యాయం వుంది. కారణం తెలిస్తేనే రేపటి పిల్లలు రక్షింపబడతారు. అయితే ఇప్పటికే జబ్బు పడిన తండ్రి ఆ పరిశోధన ముగిసే వరకు ఆగలేడు. ఇల్లు అంటుకున్నప్పుడు నిప్పు ఎలా రాజుకుందో విచారించే మనిషి ఒకడు, నీళ్ళు పోసే మనిషి ఒకడు వుండాలి. ఇద్దరూ కావాలి.

పైగా ఇక్కడ కోరుతున్నవి కోట్ల రూపాయల పనులు కావు. డయాలిసిస్ జరిగే ప్రతి కేంద్రంలోను ఎరిత్రోపాయిటిన్, ఇనుము సూది రెండు నెలలకు సరిపడా నిల్వ వుండాలి. నిల్వ ఎంత వుందో, ఏ తేదీ వరకు పనికివస్తుందో గోడ మీద బోర్డు రాసి పెట్టాలి. మందు లేదని బయటి షాపుకు చీటీ రాసిన ప్రతిసారీ ఆ చీటీ ఒక రిజిస్టరులో నమోదు కావాలి. ఫ్రిజ్‌కు ఇన్వర్టరు గాని జనరేటరు గాని వుండాలి. లోపలి వేడి రోజుకు రెండుసార్లు చూసి రాయాలి. టీకాల ఫ్రిజ్‌ల విషయంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల సిబ్బందికి ఈ పని అలవాటే. పసిపిల్లల టీకాకు చూపే శ్రద్ధను కిడ్నీ రోగి సూదికి కూడా చూపమని అడగడం అత్యాశ కాదు.

ప్రతి రోగి చేతికి ఒక చిన్న పుస్తకం ఇవ్వాలి. అందులో తేదీ, హిమోగ్లోబిన్, ఇనుము పరీక్ష, సూది పేరు, మోతాదు, బ్యాచి నంబరు వుండాలి. రోగి పలాస వెళ్ళినా, శ్రీకాకుళం వెళ్ళినా, విశాఖ వెళ్ళినా ఆ పుస్తకం చూస్తే డాక్టరుకు సంగతి తెలుస్తుంది. డయాలిసిస్ దశకు రాని రోగులకు కూడా ఆశా కార్యకర్తలు క్రియాటినిన్‌తోబాటు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించే ఏర్పాటు కావాలి.

రోగుల బంధువులు, గ్రామ పెద్దలు, యువజన సంఘాల వారు కూడా తమ వంతు చేయవలసి వుంది. ఆసుపత్రికి వెళ్ళినప్పుడు "మిషను ఖాళీ వుందా?" అని అడిగి వూరుకోకుండా, "ఈ నెల హిమోగ్లోబిన్ ఎంత? సూది వుందా? ఎక్కడ దాచారు?" అని మర్యాదగా అడగాలి. అడిగేవాడు వుంటేనే బోర్డు మీద రాత నిజంగా వుంటుంది.

క్రియాటినిన్ అనే కష్టమైన మాటను ఉద్దానం నేర్చుకున్నది. హిమోగ్లోబిన్ అంతకంటె కష్టమైన మాట కాదు. జిల్లా వైద్యాధికారులు రాబోయే ఎండలకు ముందే ప్రతి డయాలిసిస్ కేంద్రంలోని ఫ్రిజ్‌ను తెరిచి చూసి, అందులో ఏమి వుందో ప్రజలకు చెప్పాలి. ఆ తనిఖీకి ఒక్క పూట చాలు.